చుక్క కారని చేపల పెట్టె

ఈమధ్య మా వీధి చివర ఇద్దరు కుర్రాళ్ళు పాత మోటార్ సైకిళ్ళు కోసి, అతికి, కొత్త రూపం ఇచ్చే దుకాణం తెరిచారు. మొదటి రోజు నన్ను పిలిచి, కుర్చీ వేసి, మెడలో దండ వేసి, "తాతగారూ, మీ అనుభవం నాలుగు ముక్కల్లో చెప్పండి" అన్నారు. చేతిలో పెట్టిన కొబ్బరి ముక్క నములుతూ, "సైలెన్సర్ తక్కువ మోగేలా చూసుకోండి నాయనా" అనేసి వచ్చేశాను. ఇంటికొచ్చాక నామీద నాకే కోపం వచ్చింది. బతుకంతా గ్రీజులో గడిపినవాణ్ణి, ఆ మాత్రం చెప్పలేకపోవడమేమిటని ఇది రాస్తున్నాను.

సొంత షెడ్డు ఎప్పుడు కట్టాను, బోర్డు మీద పేరెప్పుడు రాయించాను అనే సంగతులు ఇందులో ఉండవు. అవి మా ఆవిడే వినదు, మీరెందుకు వింటారు? అరవైల చివర్లో, విజయనగరంలో మా ఇంటి పెరట్లో, మా మేనమామ దగ్గర పని నేర్చుకున్న రోజుల గురించి చెబుతాను. అందులోనూ ముఖ్యంగా భావనపాడు నుంచి వచ్చిన ఒక చేపలావిడ కోసం కట్టిన బండి గురించి.

అమ్మ పెనం మీద ఇంజిను

మాది గజపతినగరం వైపు వరి పండించే కుటుంబం. నాన్న విజయనగరంలో బియ్యం కొట్టు పెట్టాక పట్నం వచ్చాం. పెరట్లో పశువుల కోసం వేసిన పాక ఖాళీగా ఉంటే, అమ్మ తమ్ముడు అప్పలస్వామి మావ దాన్ని ఆక్రమించాడు. యుద్ధకాలంలో మిలిటరీ వర్క్‌షాపులో పని నేర్చుకొచ్చిన మనిషి. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత బండ్లు తెచ్చి, విప్పి, ఎవరికి ఎలా కావాలంటే అలా మళ్ళీ కట్టేవాడు. నేను అతనికి చెయ్యి సాయం.

ఇప్పుడు ఈ పనికి మంచి మంచి పేర్లున్నాయి. అప్పుడు మాకు పేరే లేదు. విడిభాగాలు దొరకవు, కాబట్టి ఉన్న ఇనుముతోనే కావలసింది చేసుకోవాలి. హ్యాండిల్ పొడుగు కావాలంటే మంచం కోడు పైపు కోసేవాళ్ళం. సీటు కావాలంటే కొబ్బరి పీచు దట్టించి కుట్టేవాళ్ళం.

ఇంట్లో పని అంటే ఇంటివాళ్ళతో రోజూ యుద్ధమే. అల్యూమినియం ఇంజిన్ కేసులో కొత్త బేరింగు కూర్చోవాలంటే కేసుని వేడి చేయాలి. వేడికి అది కాస్త సాగితే బేరింగు మెత్తగా జారి కూర్చుంటుంది. మావ ఆ కేసుని తీసుకెళ్ళి మా అమ్మ అట్ల పెనం మీద పెట్టేసేవాడు.

"ఒరే తమ్ముడా, ఇది వంటిల్లనుకున్నావేటి, నీ ఇంజిన్ల ఆసుపత్రనుకున్నావేటి? నిన్నటి అట్టు కిరసనాయిలు కంపు కొట్టినాది!" అని అమ్మ అరిచేది.

"అప్పా, ఒక్క సిటికె ఆగు. ఇది దించేసినాక నీ దిబ్బరొట్టి ఏసుకుందువు గాని."

తిడుతూనే అమ్మ చేతిలోని నీళ్ళు కేసు మీద చిలకరించేది. చుక్క చిటపటలాడి ఎగిరితే వేడి చాలినట్టు. పెనం కాగిందో లేదో చూసే పద్ధతి అది. నా చివరి బేరింగు దాకా నేను అలాగే చూశాను. థర్మామీటరు కొన్నాను గాని, అది ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

మావ గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. చేతిపనిలో అంతటివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఎదుటి మనిషి మాట వినడంలో మాత్రం సున్నా. అతని దగ్గర ఒకటే సూత్రం: చుక్క కారకూడదు. ఆయిలు కారకూడదు, పెట్రోలు కారకూడదు. పని అయ్యాక బండి కింద పాత ధోవతి గుడ్డ పరిచేవాడు, దానిమీద మచ్చ కనిపిస్తే నా వీపు విమానం మోతే. "కారితే అది బండి కాదురా సింవాచలం, ఏడుపుగొట్టు" అనేవాడు. ఇంజిను విషయంలో ఆ సూత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. అది ఎక్కడిదాకా నిజమో తెలుసుకోవడానికి మాకు సముద్రం ఒడ్డు దాకా వెళ్ళాల్సి వచ్చింది.

నెల్లిమర్ల పెద్దమనిషి

దానికి ముందు ఒక చిన్న ముచ్చట. నెల్లిమర్లలో మిల్లు పనికి వెళ్ళే పెద్దమనిషి ఒకాయన వచ్చి, తన బండి బాగా మోగాలన్నాడు. "వంతెన దాటేసరికి మా ఇంటిదానికి వినబడాల. నాను గుమ్మంలో కాలెట్టేసరికి అన్నం పొగలు గక్కతుండాల" అని కోరిక. మావ సైలెన్సర్ లోపలి గొట్టం పీకేసి, చివర గరాటులా పైపు అతికాడు. బండి స్టార్టు చేస్తే మా పక్కింటి గేదె తాడు తెంపుకుంది. ఆయన మహా సంబరంగా వెళ్ళాడు.

కొన్నాళ్ళకి ఆయన భార్య ఒక్కతే మా పెరట్లోకి వచ్చింది. "మా ఆయన ఇంటికొచ్చినాడని ఊరందరికీ తెలిసిపోతన్నాది. అన్నం ఒడ్డించే లోపు పేకాటగాళ్ళు అరుగు మీద కూకుంటన్నారు. మీకు పున్నెముంటాది, దాని నోరు ముయ్యండి బాబూ" అంది. మేం మళ్ళీ గొట్టం పెట్టాం. బండి ఎక్కేవాణ్ణి ఒక్కణ్ణే అడిగితే సరిపోదని, ఆ బండితో వేగవలసినవాళ్ళని కూడా అడగాలని నాకు అప్పుడు తెలిసింది. మావకి తెలియలేదు. అతను నవ్వి ఊరుకున్నాడు.

నూకాలమ్మ

ఆ తరవాతే నూకాలమ్మ వచ్చింది. పొడుగాటి మనిషి, గొంతు గంట. వెనక ఆమె మొగుడు దానయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతను పడవ మీద వేటకి వెళ్తాడు, ఆమె చేపలు అమ్ముతుంది. విజయనగరం చుట్టాలింటికి పెళ్ళికొచ్చి, మా సంగతి విని వచ్చారు.

"మేస్త్రి బావూ, నాకో బండి గావాల. మడుసులు కూకోడానికి కాదు, సేపలు కూకోడానికి" అంది.

సంగతేమిటంటే, భావనపాడు ఒడ్డున పడవలు వచ్చేసరికి ఒక సావుకారు గొడుగు వేసుకుని కూర్చునేవాడు. ఎండెక్కితే చేప మెత్తబడిపోతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. అందుకని తొందరపడడు. వక్క కొరుకుతూ ఒక రేటు చెబుతాడు, ఒడ్డు మీద అందరికీ అదే రేటు. తలమీద బుట్టలతో టెక్కలి సంతకి నడిస్తే చేరేసరికి పొద్దెక్కిపోయేది. నూకాలమ్మ ఒకరోజు ఉండబట్టలేక, నా చేప నేనే మోటారు మీద టెక్కలి పట్టుకుపోతానని అతని మొహం మీద అనేసింది.

"అయితే ఏటన్నాడు?" అని మా అమ్మ వంటింటి గుమ్మంలోంచి అడిగింది. ఇలాంటి సంగతులంటే అమ్మకి పెనం మాడినా ఫర్వాలేదు.

"పట్టుకుపో గాని, మళ్ళీ నా గొడుగు కాడికి రాకు, మీ పడవ సేప నాను ముట్టనన్నాడు. ముట్టడంలేదు కూడా. ఈ వేట కాలం దాటేలోగా బండి నడిసిందా, బతికినట్టు. లేదా, పడవ అమ్మేసి ఆ సావుకారు వల లాగడానికే కూలికెళ్ళాల." అలా అంటూ మొగుడి వైపు చూసింది. దానయ్య తల దించుకున్నాడు.

నేల మీద తెడ్డు

బండికి ఎడమ పక్కన మూడో చక్రం, దానిమీద పెట్టె. అదీ మా ఆలోచన. ఇసుకలో లాగడానికి ఇంజిను దగ్గరి పళ్ళచక్రం చిన్నది వేశాం. అప్పుడు వేగం తగ్గుతుంది గాని బలం పెరుగుతుంది. ఉప్పుగాలికి చైను తుప్పు పట్టకుండా రేకు కప్పు చేశాం. ఇక పెట్టె సంగతి. మద్ది చెక్కతో కట్టి, లోపలంతా రేకు పరిచి, అతుకులన్నిటికీ తగరం కరిగించి మాటు వేశాం. మావ దాన్ని బావి నీళ్ళతో నింపించి కింద తన ధోవతి గుడ్డ పరిచాడు. తెల్లారి చూస్తే గుడ్డ పొడిగా ఉంది. మావ మీసం తిప్పాడు. నాకూ గర్వంగానే ఉంది. మాది ధాన్యం ఇల్లు. బండిలోంచి గింజ కారితే నాన్న భోజనం మానేసేవాడు. ఏ సరుకైనా కారకుండా చేర్చేదే మంచి బండని మా రక్తంలో ఉంది. బండి తయారయ్యేదాకా చుట్టాలింట్లోనే ఆగిన నూకాలమ్మ అక్కడే నిలబడి ఆ నీళ్ళ పరీక్ష చూసింది, ఏమీ అనలేదు.

దానయ్యకి బండి నేర్పడం నా పని. ఊరి బయట మైదానంలో ఎక్కించాను. ఎడమకి తిప్పమంటే కుడికి పోతాడు, కుడికంటే ఎడమకి. చివరికి తిన్నగా వెళ్ళి ఎవరిదో గడ్డివాములో దూరాడు. గడ్డి దులుపుకుంటూ, "మీ బండికి ముక్కు ఎనకున్నాదేటి?" అని అడిగాడు. అప్పుడు నాకు వెలిగింది. పడవ వెనక కూర్చుని తెడ్డు పిడిని కుడికి తోస్తే పడవ ఎడమకి తిరుగుతుంది. అతని చేతులు పుట్టినప్పటినుంచీ అలాగే అలవాటుపడ్డాయి. ఆ సంగతి చెప్పాక నవ్వి, నిదానంగా సరిచేసుకున్నాడు. మావ మాత్రం "నీళ్ళ మీద మనిషికి నేల మీద బుద్ధి రాదు" అని తీర్పు చెప్పేసి, ఆ తీర్పుని మనసులో పాతుకునేలా ఉంచేసుకున్నాడు.

ఉప్పుమళ్ళ మలుపు

బండి తోలుకుని మావా, నేనూ భావనపాడు వెళ్ళాం. పొద్దున్నే నూకాలమ్మ కొత్త పడవకి చేసినట్టే బండికి పసుపు రాసి, వేపమండలు కట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఒడ్డు మీద ఆడవాళ్ళంతా మూగారు. సావుకారు గొడుగు కిందనుంచే చూస్తున్నాడు. పెట్టెలో వంజరాలు, చందువలు, వాటిమధ్య ఊకలో దాచి తెచ్చిన ఐసు ముక్కలు. దానయ్య తోలుతుంటే వెనక నూకాలమ్మ కూర్చుంది. మావా నేనూ అద్దె సైకిళ్ళ మీద వెంటపడ్డాం.

నౌపడా ఉప్పుమళ్ళ గట్టు మీద దారి ఎడమకి తిరిగే చోట బండి పెట్టె పక్క చక్రం గాల్లోకి లేచింది. చూస్తుండగానే మొత్తం కుడిపక్కకి ఒరిగి ఉప్పు కాలవలో పడింది. మేం సైకిళ్ళు పడేసి పరుగెత్తాం. నూకాలమ్మ ముందే గట్టు మీదికి దూకేసింది. దానయ్య నడుం లోతు నీళ్ళలోంచి ఒక వంజరాన్ని తోక పట్టుకుని లేచాడు. ఒక్కరికీ గీత పడలేదు.

"తెడ్డు తిప్పినట్టు తిప్పేసినావు గదయ్యా!" అని మావ గట్టు మీదనుంచే కేకలేశాడు.

"లేదు బావూ, సరిగానే తిప్పినాను. బండే తిరగబడ్డాది."

మావ నమ్మలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మలేదు. ఒడ్డుకి తిరిగొస్తుంటే సావుకారు, "ఏటమ్మా, సేపల్ని మళ్ళీ ఇంటికే పంపించేసినావంట?" అని పకపకా నవ్వాడు. నూకాలమ్మ కొంగు తలమీదికి లాక్కుని, తల వంచుకుని నడిచిపోయింది. గంటలాంటి మనిషి అలా పోవడం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

కాలవలోంచి లాగిన బండిని ఆ రాత్రే ఆరబెట్టి, మర్నాడు నేనే తోలాను. వెనక నూకాలమ్మ కూర్చుంది, దానయ్య సైకిలు మీద వెంట వచ్చాడు. అదే మలుపు, మెల్లగానే తిప్పాను. అయినా పెట్టె చక్రం లేచింది. బ్రేకు వేసి కాలు ఆనించి ఆపుకున్నాను. ఆ నిశ్శబ్దంలో పెట్టెలోంచి బిందె కుదిపినట్టు గుడగుడమని చప్పుడు వినిపించింది. అప్పటికి నాకు అర్థం కాలేదు. మలుపు మలుపుకీ ఆగుతూ, కొన్నిచోట్ల దిగి నెడుతూ టెక్కలి చేరేసరికి ఎండెక్కింది. కొనేవాళ్ళు చేప పొట్ట నొక్కి చూసి, మొహం తిప్పుకుని పోయారు.

నూకాలమ్మ పెట్టె మూత పూర్తిగా ఎత్తింది. కరిగిన ఐసు నీళ్ళలో చేపలన్నీ తేలుతున్నాయి.

"ఇదేటి తమ్ముడా? సచ్చిన సేపకి సముద్రం కట్టినావు!" అంది. "నీళ్ళలో నానితే సేప మెత్తబడిపోదేటి? ఐసు నీరు కారిపోవాల. మా బుట్టలకి సందులు అందుకే గదా!"

బండిని పడేసిందీ ఆ నీళ్ళే. మలుపులో నీళ్ళన్నీ ఒక్కసారిగా ఒకవైపుకి పోటెత్తితే ఏ మూడు చక్రాల బండి నిలబడుతుంది? దానయ్య తప్పేం లేదు. నేను అతని చెయ్యి పట్టుకుని ఆ మాట చెప్పాను.

"మరి మా పెరట్లో నీళ్ళు నింపినప్పుడే చెప్పొచ్చు కదమ్మా?" అన్నాను నూకాలమ్మతో, ఉక్రోషంగా.

"నీరు కారలేదని మీ మావ అంత సంబరపడతంటే, నీరు పోడానికి ఏదో మిసను మాయ ఎట్టినాడనుకున్నాను. నన్నెవులు అడిగినారు?"

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఈ ఒక్కచోట ఆగి ఆలోచించండి. పెట్టె ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎంత బరువు మోయాలి అన్నీ అడిగాం. లోపల పెట్టేది ఎలా బతుకుతుందో, ఎలా పాడవుతుందో అడగలేదు.

మావ, డ్రిల్లు

మావకి ఈ సంగతి చెప్పడం బండి నడపడం కంటే కష్టమైంది. "నా చేత్తో మాటేసిన పెట్టెకి కన్నాలా? నాను సచ్చినాక ఏసుకోండి" అని ఇసుకలో చతికిలబడ్డాడు. నేను బతిమాలాను, వినలేదు. దానయ్య బతిమాలాడు, వినలేదు. అప్పుడు నూకాలమ్మ తాటాకు బుట్ట ఒకటి తెచ్చి, అతని ఎదురుగా పెట్టి, దాన్నిండా నీళ్ళు పోసింది. నీళ్ళు క్షణంలో ఇసుకలోకి ఇంకిపోయాయి.

"సూడు బావూ. కారితేనే ఇది బుట్ట. కారకపోతే మా ఇంట్లో దీనికేటి పని?"

మావ బుట్టని అటూ ఇటూ తిప్పి చూశాడు. అల్లిక సందులు ఒక్కొక్కటే వేళ్ళతో తడిమాడు. ఆవిడ పెట్టిన చేపల పులుసు అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుని, "సింవాచలం, డ్రిల్లు తే" అన్నాడు.

కన్నాలు నన్ను వేయనివ్వలేదు. తనే గీత గీసుకుని, వరస తప్పకుండా, ముగ్గు చుక్కలు పెట్టినట్టు వేశాడు. మొండివాడే గాని, ఒప్పుకున్నాక సగం మనసుతో చేసే రకం కాదు. అడుగున వెదురు తడక పరిచాం. చేపలు ఒకవైపుకి దొర్లకుండా అడ్డ చెక్కలు పెట్టాం. కారే నీళ్ళు చైను మీద పడకుండా వెనక్కి గొట్టం తీశాం. దారి పొడుగునా చుక్కలు రాలుస్తూ వెళ్ళే బండిని మా మావ కట్టాడంటే, విజయనగరంలో ఎవరూ నమ్మేవారు కారు.

మర్నాడు దానయ్యే తోలాడు. ఉప్పుమళ్ళ మలుపు దగ్గర నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బండి మలుపు దాటేసింది. నూకాలమ్మ వెనక్కి తిరిగి మామీద ఒక కేక వేసింది, అది తిట్టో సంతోషమో గాలికి వినబడలేదు. టెక్కలిలో మొప్పలు ఎత్తి చూపించడానికి ఆవిడకి చేతులు చాల్లేదు, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. బుట్ట దించింది దించినట్టే ఖాళీ అయింది. ఆ తరవాత రోజూ అదే వరస. పక్కింటి పడవలవాళ్ళు కూడా తమ చేప అదే పెట్టెలో పెట్టమని అడగడం మొదలెట్టారు, సావుకారు గొడుగు కిందికి వచ్చే బుట్టలు రోజురోజుకీ తగ్గాయి.

బండి తియ్యొద్దు

మేం తిరిగి వెళ్ళిపోవలసిన రోజు పొద్దున్న జరిగింది ఇది. పడవ అప్పుడే ఒడ్డుకి వచ్చింది, నిండా చందువలు. మావ బండి స్టార్టు చేసి, ఇంజిను వేడెక్కనిచ్చి, చప్పుడు చెవితో చూసుకుంటున్నాడు. ఇంతలో సావుకారు గొడుగు కిందనుంచి లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే నడుచుకుంటూ నూకాలమ్మ పడవ దగ్గరికి వచ్చాడు. ఒడ్డు మీద ఆడవాళ్ళంతా చేతిలో పని ఆపేశారు.

"నూకాలమ్మా, ఇయాల ఏటి సెప్తన్నావు రేటు?" అన్నాడు.

ఆ ఒడ్డున అతను రేటు అడగడం ఎవరూ ఎరగరు. నూకాలమ్మ చేపల్ని చూసింది, ఆడవాళ్ళని చూసింది, కొంగు నడుముకి బిగించి, అప్పుడు చెప్పింది. "ఒడ్డు మీద అందరికీ ఇదే" అని కూడా కలిపింది. అతను గొంతు సవరించుకుని, "సరే, కాటా ఎట్టించు" అన్నాడు.

నూకాలమ్మ మా పక్కనున్న దానయ్య వైపు తిరిగి, "ఏమయ్యో, ఇయాల బండి తియ్యొద్దు!" అని అరిచింది.

మావకి చిర్రెత్తింది. "తియ్యొద్దేటి? ఇంజిను ఏడెక్కించి ఉంచినాను, బంగారంలా మోగతన్నాది" అని గొణిగాడు. నేను అతని భుజం పట్టుకుని తిప్పి, ఒడ్డు వైపు చూపించాను. తక్కిన ఆడవాళ్ళు కూడా బుట్టలెత్తుకుని కాటా దగ్గరికి నడుస్తున్నారు, ఒక్కరూ తల వంచుకుని లేరు. మావ అటు చూశాడు. తరవాత చెయ్యి చాపి ఇంజిను ఆపేశాడు. అతని కళ్ళు చెమర్చాయి, నావీ అంతే.

ఆ రోజంతా బండి ఇసుక దిబ్బ మీద ఖాళీగా నిలబడి ఉంది. నేను కట్టిన బండ్లలో అంత బాగా పనిచేసింది మరొకటి లేదు.